ఉప్పుచేప

కౌంటర్లో ఆమె అడిగింది, పేషెంటు పేరు?
ఉప్పుచేప, అన్నాను.
పెన్ను ఆగింది.
వెనక క్యూలో ఎవరో దగ్గుతూనే నవ్వారు.

రెండేళ్ళుగా వాడి కోసం చచ్చాను.
నా కోసం వాడూ చచ్చాడు, నూట పదిసార్లైనా.
గోడ చాటున నేను మోకాళ్ళ మీద పడి ఉంటే
తూటాల మధ్య పాక్కుంటూ వచ్చి
పది సెకన్లు పక్కన కూచుని లేపేవాడు.
అసలు పేరు ఎప్పుడూ అడగలేదు.

పెరంబూరు గువ్వపిట్టకి ఫోన్ చేశాను.
"ఓబులేసు. తలారి ఓబులేసు, బద్వేలు దగ్గర.
మైకు ఆపడం మర్చిపోయిన రాత్రి
వాళ్ళమ్మ పిలుస్తుంటే విన్నా."

పేషెంటుకు మీరేమవుతారు?
ఫారంలో ఆ గడి చిన్నది,
అన్న, తమ్ముడు, మేనమామ పట్టేంత.
ఫ్రెండ్ అని రాశాను.
రాశాక ఎందుకో తక్కువ తూచినట్టనిపించింది.

గంటన్నర.
నా రక్తం మిషన్లోకి పోయి
ఏదో వదిలేసి మళ్ళీ నాలోకే వచ్చింది, కాస్త చల్లగా.
పెదాలు తిమ్మిరెక్కితే నర్సు బిళ్ళ ఇచ్చి చప్పరించమంది.
సంచిలో పెసరకట్టు రంగులో కొంచెం.
పది సెకన్లు కాదురా ఇక్కడ లేపడానికి,
అదీ మూడు రోజులకే.

మెట్ల దగ్గర వాళ్ళమ్మ,
చేతిలో క్యారేజీ, మెడలోకి జారిన మాస్కు.
"నమస్తే అమ్మా" అన్నాను, అంతే.
"నువ్వు గదా, రేత్రిళ్ళు వెనకాల వెనకాల అని అరిసేది?
దొంగలు పడినారేమో అని
మొదట్లో లేసి గడె చూస్తాంటి."

అద్దం అవతల వాడు.
ఆ గొంతుకి ఇంత చిన్న మనిషా!
జుట్టు లేదు, కనుబొమలు కూడా.
నన్ను చూసి ఇంకెవరి చుట్టమో అనుకున్నాడు.
ఫోన్ కలిపి "వెనకాల!" అన్నాను.
నిజంగానే తిరిగి చూశాడు,
సెలైన్ స్టాండు తప్ప ఎవరూ లేని వెనక్కి.
అప్పుడు నవ్వాడు.

మూడో విడత మందుకి వేళ్ళు మొద్దుబారాయి.
నొక్కుతున్నానో లేదో తెలియడంలేదు,
నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకోండి, ర్యాంకు పోతాది, అన్నాడు.
గువ్వపిట్ట తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.
సూళ్ళూరుపేట గుర్నాథం మాట్లాడకుండా
ఆటలో జీపు తెచ్చి ఆపాడు.
వాణ్ణి వెనక సీట్లో కూచోబెట్టి
తుపాకులు బయటికి తియ్యకుండా
మ్యాపు తూర్పు అంచుకి తోలాం.

వాడు సముద్రం చూళ్ళేదు.
సంతలో ఎండుచేపల గంపే వాడికి తెలిసిన సముద్రం.
ఆస్పత్రి నుంచి బీచికి ఆటోలో ఇరవై నిమిషాలు.
కౌంటు పెరిగేదాకా
ఆ గాలి కూడా వద్దన్నారు.

నీళ్ళ దగ్గర ఆపాం.
ఒకటే అల, మళ్ళీ మళ్ళీ అదే అల.
"నిజందీ ఇంతేనా?" అన్నాడు.
"దానికి వాసనుంటది" అన్నాడు గుర్నాథం.
"కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది, నవ్వొస్తుంది" అంది గువ్వ.
కోయంబేడు మార్కెట్లో
మదనపల్లి టమాటా పెట్టెల మీద కూచుని
లారీ లెక్క సగంలో వదిలేసిన నేను
ఏం చెప్పాలో తోచక
"ఉప్పగా ఉంటది" అన్నాను.
"తెలుసులేరా" అన్నాడు, "నోరంతా అదే."

అంతలో గుట్ట మీంచి ఎవరో కాల్చారు.
నలుగురం వరసగా ఒడ్డున పడ్డాం.
ఎవరం తిట్టలేదు.

నిన్న కౌంటు పదకొండు వేలు.
ఆట మధ్యలో వాడి మాట ఆగింది.
మైకు ఆగలేదు.
మందు పంపు టిక్కుటిక్కు,
దుప్పటి సర్దిన చప్పుడు,
సన్నగా గురక.

వలయం ముడుచుకుంటూ వస్తోంది. పరిగెత్తాలి.
పరిగెత్తితే మా బూట్ల చప్పుడు
వాడి చెవుల్లో మోగుతుంది.
ముగ్గురం వాడి చుట్టూ
కదలకుండా నిలబడ్డాం.

గుర్నాథం మాట్లాడలేదు, టైపు చేశాడు:
రానీ.